పాత కారుకు థ్రాటిల్ బాడీ స్పేసర్: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాత కార్లను తమ చేతులతో బాగుచేసుకునే పాఠకుల నుంచి కొంతకాలంగా థ్రాటిల్ బాడీ స్పేసర్ గురించి ఉత్తరాలు వస్తున్నాయి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజనులోకి పోయే గాలికి దారి తెరిచే భాగం థ్రాటిల్ బాడీ, అక్కడి నుంచి గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల సముదాయం ఇన్‌టేక్ మానిఫోల్డు, ఆ రెంటి మధ్య బిగించే దిమ్మే స్పేసర్. ఒకే విషయాన్ని పలువురు పలు రకాలుగా అడిగినందువల్ల, ఒకరికి ఇచ్చిన జవాబు తరువాతి వారికి కూడా పనికివచ్చేలా వాటిని వరుసగా కూర్చి ఇక్కడ ఇస్తున్నాను.

ప్రశ్న: మాది ఇరవై ఏళ్లు దాటిన 1.6 లీటర్ల పెట్రోలు కారు. నాలుగు సిలిండర్లకూ నాలుగు ఇంజెక్టర్లు ఉన్నాయి. థ్రాటిల్ బాడీకీ ఇన్‌టేక్ మానిఫోల్డుకూ మధ్య ఒక అల్యూమినియం దిమ్మను బిగిస్తే పికప్పూ మైలేజీ రెండూ పెరుగుతాయని తెలిసినవారు చెబుతున్నారు. లోపల మరచుట్టు గాడులు ఉన్న స్పేసరైతే గాలి సుడి తిరుగుతూ లోపలికి వెళ్లి పెట్రోలుతో బాగా కలుస్తుందట. ఇది నిజమేనా?

జవాబు: మీ కారు విషయంలో ఈ మాట నిలబడదు. ఎందుకు నిలబడదో వివరంగా చెబుతాను, ఎందుకంటే స్పేసర్ ఏ బండికి పనికివస్తుందో, ఏ బండికి పనికిరాదో తేల్చేది కూడా ఈ కారణమే.

మీ ఇంజనులో పెట్రోలు థ్రాటిల్ దగ్గర పడదు. ఒక్కొక్క సిలిండర్ వాల్వుకు ముందు, మానిఫోల్డు గొట్టం చివర ఇంజెక్టర్ దానిని చిమ్ముతుంది. థ్రాటిల్ నుంచి అక్కడిదాకా ప్రయాణించేది గాలి మాత్రమే. థ్రాటిల్ దాటిన గాలి ముందుగా మానిఫోల్డులోని విశాలమైన అరలోకి చేరి, అక్కడ వేగం తగ్గి, నాలుగు గొట్టాలుగా చీలి, వంపులు తిరిగి, అప్పుడు పెట్రోలును కలుస్తుంది. గాడుల వల్ల గాలికి కాస్త సుడి వచ్చినా అది ఆ అరలోనే చెదిరిపోతుంది. పైగా ఆ గాడులు గాలికి రాపిడిని పెంచుతాయి, కొన్ని బండ్లలో యాక్సిలరేటర్ తొక్కగానే ఈల వంటి శబ్దం కూడా తెస్తాయి. ఆ శబ్దాన్ని విని బండికి బలం వచ్చిందని అనుకునేవారు ఉన్నారు.

ఇక మానిఫోల్డు ఘనపరిమాణం పెరుగుతుందన్న వాదనను లెక్కవేసి చూద్దాం. థ్రాటిల్ రంధ్రం వ్యాసం 50 మిల్లీమీటర్లు, స్పేసర్ మందం 20 మిల్లీమీటర్లు అనుకుంటే కొత్తగా చేరే చోటు దాదాపు 39 ఘన సెంటీమీటర్లు. ఇంజనులోకి ప్రతి రెండు చుట్లకూ 1,600 ఘన సెంటీమీటర్ల గాలి పోయే చోట ఇది లెక్కలోకి రానంత చిన్నది. అదే ఇంజను నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతూ పూర్తిగా గాలి పీలుస్తున్నప్పుడు థ్రాటిల్ రంధ్రంలో గాలి సెకనుకు సుమారు 27 మీటర్ల వేగంతో పోతుంది. అంటే 20 మిల్లీమీటర్ల స్పేసర్‌ను దాటడానికి దానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. అంత స్వల్ప కాలంలో ఆ దిమ్మ గాలిని చల్లబరచడం గానీ దాని స్వభావాన్ని మార్చడం గానీ జరిగే పని కాదు.

మీ అసలు కోరిక పికప్ అయితే ముందుగా థ్రాటిల్ బాడీ విప్పి, గాలిదారిని తెరిచి మూసే సీతాకోక రేకు చుట్టూ పేరుకున్న నల్లటి జిడ్డును శుభ్రం చేయండి. స్పార్క్ ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్, ఆక్సిజన్ సెన్సర్, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ పరీక్షించండి. ఇంజను వేడెక్కేదాకా నీటిని రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే ఇంజను ఎప్పుడూ పూర్తిగా వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది, దానిని చూసేవారే తక్కువ. ఇరవై ఏళ్ల బండి కోల్పోయిన బలం ఎక్కువగా ఈ చోట్లలోనే దొరుకుతుంది.

ప్రశ్న: నాది ఇంజెక్టర్లు లేకుండా కార్బ్యురేటరే గాలిలో పెట్రోలు కలిపే కారు. ఎండలో దూరం నడిపి పది నిమిషాలు ఆపితే మళ్లీ స్టార్ట్ కావడం కష్టం. బానెట్ ఎత్తితే పెట్రోలు వాసన గుప్పుమంటుంది. చల్లారాక మామూలుగానే స్టార్ట్ అవుతుంది. దీనికి స్పేసర్ ఉపయోగపడుతుందా?

జవాబు: స్పేసర్‌కు నిజంగా చోటు ఉన్నది మీ వంటి బండ్లలోనే.

ఇంజను ఆపిన వెంటనే చల్లబడటం మొదలవుతుందని మనం అనుకుంటాం. కార్బ్యురేటర్ సంగతి అందుకు భిన్నం. బండి నడుస్తున్నంతసేపూ లోపలికి పోయే చల్లగాలీ, ఆవిరవుతున్న పెట్రోలూ దానిని చల్లగా ఉంచుతాయి. ఇంజను ఆగగానే ఆ రెండూ ఆగిపోతాయి, నీటి ప్రసరణ ఆగుతుంది, కానీ ఇంజనులోనూ మానిఫోల్డులోనూ నిలిచిన వేడి పైకి ఎక్కుతూనే ఉంటుంది. పెట్రోలులో తేలికగా ఆవిరయ్యే భాగాలు 35, 40 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరగడం మొదలుపెడతాయి. కార్బ్యురేటర్‌లో పెట్రోలు నిలిచి ఉండే ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు మరిగి, జెట్లనే సన్నని రంధ్రాల గుండా పొంగి మానిఫోల్డులోకి కారుతుంది. అప్పుడు మీరు తాళం తిప్పితే సిలిండర్లలోకి పెట్రోలు ఆవిరి కావలసిన దానికన్నా చాలా ఎక్కువగా చేరి, ప్లగ్గు మెరిసినా మంట అంటుకోదు. పెట్రోలులో కొద్ది శాతం ఇథనాల్ కలిస్తే ఆవిరి పీడనం పెరుగుతుంది కనుక ఈ బాధ ఇంకొంత ఎక్కువవుతుంది.

దీనికి కావలసినది వేడిని అడ్డే స్పేసర్. అల్యూమినియం గానీ ఇనుము గానీ ఇక్కడ పనికిరావు. అల్యూమినియం మిశ్రమం వేడిని ప్రసరింపజేసే శక్తి మీటరుకు డిగ్రీకి సుమారు 170 వాట్లు, అదే ఫినాలిక్ పలక, అంటే పాత స్విచ్ బోర్డుల్లో వాడిన బేకలైట్ జాతి పదార్థం, అర వాటు కూడా ఉండదు. కొన్ని వందల రెట్ల తేడా. అందుకే చాలా కార్లకు తయారీదారులే కార్బ్యురేటర్ కింద 6 నుంచి 10 మిల్లీమీటర్ల మందం గల ఫినాలిక్ పలకను పెట్టి పంపారు. మీరు కొత్తది తయారుచేయించే ముందు మీ బండిలో అది ఉండవలసిన చోట ఉందో లేదో చూడండి. ఎప్పుడో కార్బ్యురేటర్ విప్పినప్పుడు ఆ పలకను తీసేసి సందు మూసే ఉత్త కాగితపు గ్యాస్కెట్‌తో బిగించిన బండ్లు ఎన్నో ఉన్నాయి.

స్పేసర్ ఒక్కటే చాలకపోవచ్చు. ఫ్లోట్ మట్టం ఎక్కువగా ఉందేమో, పెట్రోలు గొట్టం ఎగ్జాస్ట్ మానిఫోల్డుకు ఆనుకుని పోతోందేమో, వాటి మధ్య ఉండవలసిన వేడి కవచపు రేకు ఊడిపోయిందేమో కూడా చూసుకోండి.

థ్రాటిల్ బాడీలోనే ఒకటి రెండు ఇంజెక్టర్లు ఉండి పైనుంచి పెట్రోలు చిమ్మే పాత ఇంజెక్షన్ కార్లను కూడా కొంతవరకు కార్బ్యురేటర్ వర్గంలోనే లెక్కించాలి. వాటిలో తడిసిన గాలి స్పేసర్ గుండా పోతుంది కనుక కలయికలో కొంత మార్పు రావడానికి అవకాశం ఉంది. ఎంత వస్తుందన్నది మానిఫోల్డు ఆకారాన్ని బట్టి ఉంటుంది. కొలిచి చూసుకోవలసిందే.

ప్రశ్న: మా షెడ్డులో డ్రిల్ ప్రెస్సు, వైస్, ఆకురాళ్లు ఉన్నాయి. లేత్ లేదు. స్పేసర్‌ను నేనే తయారుచేసుకోగలనా? పద్ధతి చెప్పండి.

జవాబు: తప్పకుండా చేసుకోవచ్చు. దీనిలో కష్టమైన యంత్రపు పని ఏదీ లేదు. ఓపిక మాత్రం రెండు చోట్ల బాగా కావాలి: కొలత గీయడంలో, ముఖాలను చదును చేయడంలో.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగ తీసి, థ్రాటిల్ బాడీని విప్పండి. మానిఫోల్డు నోట్లో వెంటనే ఒక పెద్ద శుభ్రమైన గుడ్డను, దాని కొస బయటికి వేలాడేలా కుక్కండి. జారిపడిన వాషర్ ఒక్కటి లోపలికి పోతే మానిఫోల్డు మొత్తం విప్పవలసి వస్తుంది. తరువాత కొత్త గ్యాస్కెట్‌ను నమూనాగా తీసుకోండి. గ్యాస్కెట్ దొరకకపోతే మందపాటి కాగితాన్ని థ్రాటిల్ బాడీ ముఖంపై పరచి పెన్సిలుతో రుద్దితే అంచులూ రంధ్రాలూ అచ్చుపడతాయి. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ ముఖంపై ఉన్న ప్రతి రంధ్రం దేనిదో గుర్తించండి. నడిమి పెద్ద రంధ్రం, బోల్టుల రంధ్రాలు ఎవరికైనా కనిపిస్తాయి. కానీ చాలా థ్రాటిల్ బాడీల్లో ఐడిలింగ్ గాలి, అంటే పెడల్ తొక్కనప్పుడు ఇంజను ఆగిపోకుండా నెమ్మదిగా తిరగడానికి కావలసిన గాలి, వెళ్లే చిన్న దారి కూడా ఈ ముఖంలోకే తెరుచుకుంటుంది. మానిఫోల్డులోని పీల్పును ఇతర భాగాలకు అందించే వ్యాక్యూమ్ దారులూ ఉండవచ్చు. వాటన్నిటికీ స్పేసర్‌లో దారి ఇవ్వాలి. లేకపోతే బండి స్టార్ట్ అవుతుంది కానీ కాలు తీయగానే ఆగిపోతుంది, ఆ తప్పు ఎక్కడుందో వెతకడానికి రోజులు పడుతుంది. నమూనాపై ఏ ముఖం పైకి, ఏ అంచు ముందుకు అన్నది రాసి పెట్టుకోండి. బోల్టుల వరుస చూడటానికి సమానంగా ఉన్నా ఒక్కోసారి ఒక రంధ్రం మిల్లీమీటరు పక్కకు ఉంటుంది.

కావలసిన మందం గల పలకను, బయటి ఆకారం కన్నా అన్ని వైపులా కనీసం 20 మిల్లీమీటర్లు పెద్దదిగా తీసుకోండి. బయటి అంచును చిట్టచివర కోయాలి. ముందే కోసేస్తే డ్రిల్ చేసేటప్పుడు పట్టు దొరకదు. నమూనాను పలకపై అతికించి, ప్రతి రంధ్రపు కేంద్రంలో సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, ముందుగా 3 మిల్లీమీటర్ల బిట్టుతోనూ, తరువాత ఎం6 (6 మిల్లీమీటర్ల వ్యాసపు) బోల్టుకు 6.6 మిల్లీమీటర్లు, ఎం8 (8 మిల్లీమీటర్ల వ్యాసపు) బోల్టుకు 9 మిల్లీమీటర్ల బిట్టుతోనూ రంధ్రాలు వేయండి. పలకను ఎప్పుడూ చేత్తో పట్టుకుని డ్రిల్ చేయవద్దు. బిట్టు అవతలికి పొడుచుకుపోయే క్షణంలో పలకను పట్టి తిప్పేస్తుంది, దాని అంచు వేళ్లను కోస్తుంది.

నడిమి రంధ్రానికి లేత్ ఉంటే పని అందంగా వస్తుంది. మీకు లేదు కనుక హోల్ సా, అంటే అంచున పళ్లున్న గుండ్రటి రంపం, వాడండి. కావలసిన వ్యాసం కన్నా రెండు మిల్లీమీటర్లు చిన్నది తీసుకుని, డ్రిల్‌ను తక్కువ వేగంలో పెట్టి, కిరసనాయిలు చుక్కలు వేస్తూ, మాటిమాటికీ పైకెత్తి తునకలు ఊడ్చుతూ కోయండి. కిరసనాయిలు వేయకపోతే అల్యూమినియం పళ్లకు అంటుకుని రంధ్రం గరుకుగా చిరిగినట్టు వస్తుంది. మిగిలిన రెండు మిల్లీమీటర్లను అర్ధచంద్రపు ఆకురాయితో, థ్రాటిల్ బాడీని మాటిమాటికీ ఆనించి చూసుకుంటూ తీయాలి. పైముఖంలో రంధ్రం థ్రాటిల్ రంధ్రానికి సరిపోవాలి లేదా ఒక వెంట్రుకవాసి పెద్దదిగా ఉండాలి. గాలి దారిలోకి స్పేసర్ అంచు ఎక్కడా పొడుచుకు రాకూడదు. మానిఫోల్డు నోరు పెద్దదైతే కింది ముఖం వైపు కొద్దిగా వెడల్పు చేయండి.

ఇక చదును. మందపాటి అద్దపు పలకపై 240 నంబరు ఎమెరీ కాగితాన్ని పరచి, స్పేసర్ ముఖమంతా మార్కర్ పెన్నుతో అడ్డగీతలు గీసి, కొద్దిగా నీరు చల్లి, ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. కాసేపటికి గీతలు కొన్నిచోట్ల మాయమై, కొన్నిచోట్ల మిగులుతాయి. మిగిలిన చోట్లు పల్లాలు. అన్ని గీతలూ ఒకేసారి పోయేవరకు మళ్లీ గీస్తూ రుద్దాలి, ఆఖరున 400 నంబరు కాగితంతో ముగించాలి. బోల్టు రంధ్రాల అంచులను ముందే పెద్ద బిట్టుతో ఒక్క చుట్టు తిప్పి గరుకు తీసేయకపోతే ఆ పెచ్చులే ముఖాన్ని కాగితం మీద ఆననివ్వవు. పని అయ్యాక నిటారు స్టీలు పట్టీని ముఖంపై నిలబెట్టి, దాని కిందికి 0.05 మిల్లీమీటర్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకు) ఎక్కడా దూరకుండా ఉంటే చాలు.

చివరిగా వేడి సబ్బునీళ్లతో బ్రష్షు పెట్టి కడిగి, గాలితో ఊది ఆరబెట్టండి. ఎమెరీ పొడి గానీ అల్యూమినియం రజను గానీ ఏమాత్రం మిగిలినా అది నేరుగా సిలిండర్ గోడలను గీరుతుంది. తెల్లగుడ్డతో తుడిస్తే మరక రాకూడదు.

ప్రశ్న: కట్టింగ్ బోర్డు ప్లాస్టిక్, ప్లైవుడ్, త్రీడీ ప్రింటర్‌లో తీసిన ముక్క వీటిలో ఏది వాడవచ్చు?

జవాబు: ప్లైవుడ్‌ను పూర్తిగా మరచిపోండి. తేమకూ పెట్రోలుకూ ఉబ్బి, పొరలు విడి, ముక్కలు ఇంజనులోకి పోతాయి. త్రీడీ ప్రింటర్లలో ఎక్కువగా వాడే పీఎల్ఏ 60 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది, బానెట్ కింద వేడి దానిని సులభంగా దాటుతుంది. ఏబీఎస్ ఇంకొంత వేడికి ఆగుతుంది కానీ పెట్రోలులోని కొన్ని భాగాలు దానిని కరిగిస్తాయి. ఆకారం సరిపోతుందో లేదో చూసుకోవడానికి ప్రింటు తీసుకోండి, బండి నడపడానికి వద్దు. కట్టింగ్ బోర్డుల పాలిఇథిలీన్ కూడా వేడికీ బోల్టు ఒత్తిడికీ నెమ్మదిగా నలిగి పల్చబడుతుంది.

నాకు నచ్చినది గుడ్డ పొరలతో చేసిన ఫినాలిక్ పలకే. వేడికి నిలుస్తుంది, పెట్రోలుకు చెదరదు, మామూలు పనిముట్లతో కోయవచ్చు, కానీ ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు కనుక ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఎసిటాల్ ప్లాస్టిక్ రెండవది. అయితే ఏ ప్లాస్టిక్ వాడినా ఒక్కొక్క బోల్టు రంధ్రంలో లోహపు గొట్టపు ముక్కను, పలక మందానికి సరిగ్గా సమానమైన పొడవుతో దూర్చండి. అప్పుడు బోల్టు బిగింపు లోహం మీద పడుతుంది, ప్లాస్టిక్ కాలక్రమాన నలిగినా బోల్టు వదులు కాదు.

ఒక హెచ్చరిక. కొన్ని ఇంజన్లలో ఎగ్జాస్ట్ పొగలో కొంత భాగాన్ని తిరిగి లోపలికి పంపే ఈజీఆర్ దారి థ్రాటిల్ బాడీ పక్కనే తెరుచుకుంటుంది. ఆ పొగ వేడికి ప్లాస్టిక్ ఏదీ నిలవదు. అలాంటి బండికి అల్యూమినియం తప్ప వేరేది ఆలోచించకండి.

ప్రశ్న: స్పేసర్ సిద్ధంగా ఉంది. బిగించేటప్పుడు దేనిని ముఖ్యంగా చూడాలి?

జవాబు: అన్నిటికన్నా ముందు, ఇంజను స్టార్ట్ చేయకముందే, థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుని పూర్తిగా మూసుకుంటోందో లేదో చూడాలి. ఈ జవాబులో మిగిలినదంతా మరచినా ఇది మరవకండి. సీతాకోక రేకు పూర్తిగా తెరుచుకున్నప్పుడు దాని కింది అంచు చాలా బండ్లలో థ్రాటిల్ బాడీ ముఖాన్ని దాటి కిందికి దిగుతుంది. ఇంతకాలం అది మానిఫోల్డు విశాలమైన నోట్లో తిరిగింది, ఇప్పుడు స్పేసర్ రంధ్రంలో తిరగాలి. రంధ్రం కాస్త పక్కకు జరిగినా, గ్యాస్కెట్ అంచు లోపలికి పొడుచుకు వచ్చినా రేకు అక్కడ తట్టుకుని తెరిచిన స్థితిలోనే ఇరుక్కుపోవచ్చు. రోడ్డు మీద కాలు తీసినా ఇంజను రేసు తగ్గకపోతే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. బోల్టులు పూర్తిగా బిగించాక, గాలి గొట్టం తగిలించకముందు, ఒకరు లోపల కూర్చుని పెడల్‌ను నేలదాకా తొక్కి వదులుతుంటే మరొకరు రేకును కళ్లతో చూడాలి. ప్రతిసారీ టక్కున మూసుకోవాలి. ఎక్కడ కొంచెం బరువుగా కదిలినా విప్పి సరిచేయండి.

రెండవది కేబుల్. యాక్సిలరేటర్ కేబుల్‌ను పట్టి ఉంచే బ్రాకెట్ థ్రాటిల్ బాడీకే ఉంటే దానితోపాటు కదులుతుంది, చిక్కు లేదు. బ్రాకెట్ మానిఫోల్డుకు ఉంటే స్పేసర్ మందం మేర కేబుల్ బిగుసుకోవడమో వదులవడమో జరుగుతుంది, సర్దాలి. కొన్ని పాత ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో లోపలి ఆయిల్ ప్రెషరును నియంత్రించే మరో కేబుల్ కూడా థ్రాటిల్‌కే కట్టి ఉంటుంది. దాని సర్దుబాటు తప్పితే ప్రెషరు చాలక క్లచ్ పలకలు జారి కాలిపోతాయి. అలాంటి గేర్‌బాక్సు ఉన్నవారు వర్క్‌షాపు పుస్తకంలోని పద్ధతి ప్రకారం ఆ కేబుల్‌ను తిరిగి సరిచేసిన తరువాతే బండిని కదిలించాలి.

బోల్టుల పొడవు లెక్క ఇలా ఉంటుంది. పాత బోల్టు పొడవుకు స్పేసర్ మందాన్నీ అదనపు గ్యాస్కెట్ మందాన్నీ కలపండి. పాతది 25, స్పేసర్ 15, గ్యాస్కెట్ 1 మిల్లీమీటరు అయితే 41 కావాలి. మార్కెట్లో 40 దొరుకుతుంది, అంటే మర పట్టు ఒక మిల్లీమీటరు తగ్గుతుంది. అల్యూమినియంలో పట్టు బోల్టు వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు, అంటే ఎం8కు 12 మిల్లీమీటర్లు ఉండాలి కనుక, పాత పట్టు 14 ఉండి ఉంటే ఇప్పుడు మిగిలే 13 చాలుతుంది. మూసుకుపోయిన రంధ్రాలైతే వాటి లోతును వెర్నియర్ వెనుక పుల్లతో కొలవండి. బోల్టు అడుగున తగిలి ఆగిపోతే చేతికి బిగిసినట్టే అనిపిస్తుంది, కానీ స్పేసర్ మీద ఒత్తిడి పడదు.

రెండు ముఖాలకూ కొత్త గ్యాస్కెట్లు వేసి, బోల్టులను ఎదురెదురు వరుసలో రెండు మూడు విడతలుగా బిగించండి. వర్క్‌షాపు పుస్తకం చెప్పిన బిగింపే ప్రమాణం. అది దొరకనివారికి ఎం6కు 8 నుంచి 10, ఎం8కు 18 నుంచి 22 న్యూటన్ మీటర్లు సాధారణంగా సరిపోతాయి. గ్యాస్కెట్‌కు బదులు సిలికోన్ పేస్టు పూయకండి. కార్బ్యురేటర్ బండిలో పెట్రోలు దానిని మెత్తబరుస్తుంది, ఊడిన ముద్దలు లోపలికి పోతాయి.

పైకి నిలబడే థ్రాటిల్ బాడీ లేదా కార్బ్యురేటర్ అయితే ఎయిర్ ఫిల్టర్ మూత స్పేసర్ మందమంత పైకి లేస్తుంది. దానిపై మూడు నాలుగు చోట్ల మైనపు మట్టి ముద్దలు పెట్టి, బానెట్‌ను నెమ్మదిగా మూసి తెరవండి. నలిగిన ముద్ద మందమే అక్కడ మిగిలిన చోటు. ఇంజను తనను మోసే రబ్బరు దిమ్మెలపై ఊగుతుంది కనుక కనీసం 10 మిల్లీమీటర్లైనా మిగలాలి. అంత లేకపోతే పల్చటి స్పేసర్ చేసుకోవడమే దారి.

ప్రశ్న: స్పేసర్ పెట్టాక ఐడిలింగ్ పెరిగి నిమిషానికి 1,400 చుట్ల దగ్గర నిలిచింది. ఇంజను హెచ్చరిక దీపం కూడా వెలిగింది. స్పేసర్ వల్ల వచ్చిన బలమా ఇది?

జవాబు: అది గాలి లీకు అయ్యే అవకాశమే ఎక్కువ. థ్రాటిల్‌ను దాటకుండా సందుల్లోంచి దొంగగాలి లోపలికి వస్తోంది. కంప్యూటర్‌లో పి0171, అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందన్న కోడ్ గానీ, పి0507, అంటే ఐడిలింగ్ ఉండవలసిన దానికన్నా ఎక్కువగా ఉందన్న కోడ్ గానీ వచ్చి ఉంటే అనుమానం ఇంకా బలపడుతుంది. ముందుగా విప్పినప్పుడు ఊడదీసిన వ్యాక్యూమ్ గొట్టాలన్నీ తిరిగి తగిలించారో లేదో చూడండి, చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది. తరువాత యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుని రేకును కొద్దిగా తెరిచి ఉంచిందేమో చూడండి. ఆ రెండూ కాకపోతే ఇంజను ఐడిలింగ్‌లో ఉండగా స్పేసర్ రెండు కీళ్ల చుట్టూ సబ్బునీటిని సన్నగా చిలకరించండి. నీరు సందులోకి పీల్చుకుపోతూ ఒక్క క్షణం ఐడిలింగ్ మారితే లీకు అక్కడే. మండే స్ప్రేలతో ఈ పరీక్ష చేసే అలవాటు కొందరికి ఉంది. వేడి ఎగ్జాస్ట్ పక్కన అది మంటలకు ఆహ్వానం, వద్దు. మంచి వర్క్‌షాపుల్లో పొగ పంపి లీకు పట్టే యంత్రం ఉంటుంది.

ప్రశ్న: థ్రాటిల్ బాడీలోకి రెండు సన్నని నీటి గొట్టాలు పోతున్నాయి. గాలి చల్లగా ఉండాలంటే వాటిని కూడా తప్పించాలంటున్నారు.

జవాబు: ఆ వేడినీరు అక్కడ ఉన్నది కారణం లేకుండా కాదు. చల్లని తేమగాలిలో థ్రాటిల్ రేకు దగ్గర పీడనం పడిపోయి మంచు పేరుకోవచ్చు, రేకు గడ్డకట్టి కదలకపోవచ్చు. దానిని నివారించడానికే ఆ నీరు. పైగా కొన్ని పాత బండ్లలో చల్లని ఇంజనుకు ఐడిలింగ్ పెంచి, వేడెక్కాక తగ్గించే మైనపు వాల్వు ఆ నీటి వేడితోనే పనిచేస్తుంది. గొట్టాలు తప్పిస్తే ఐడిలింగ్ ఎప్పటికీ దిగదు. గాలి 30 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు మూడు డిగ్రీలు చల్లబడితే సాంద్రత ఒక శాతం పెరుగుతుంది. గొట్టాలు తీసినంత మాత్రాన అంత చల్లదనం కూడా దక్కదు. వాటిని అలాగే ఉంచండి.

ప్రశ్న: బిగించి నెల అయింది. బండి కొంచెం చురుగ్గా ఉన్నట్టు అనిపిస్తోంది. నిజంగా మారిందో లేదో తెలుసుకునే మార్గం ఉందా?

జవాబు: ఉంది, కానీ మీ అనుభూతిని పక్కనపెట్టి కొలవాలి. స్పేసర్ బిగించేటప్పుడు థ్రాటిల్ బాడీ శుభ్రం చేసి ఉంటారు, కొత్త గ్యాస్కెట్లు వేసి ఉంటారు, కేబుల్ సర్ది ఉంటారు. ఆ చురుకు వాటిలో దేనివల్లనైనా రావచ్చు. కేబుల్ కాస్త బిగువైతే పెడల్ తక్కువ తొక్కినా బండి ముందుకు దూకినట్టు అనిపిస్తుంది, ఇంజను బలం మాత్రం రవ్వంత కూడా మారదు.

వాహనాలు లేని, సమతలంగా ఉన్న రోడ్డును ఎంచుకుని, ఇంజను పూర్తిగా వేడెక్కాక, మూడో గేరులో నిమిషానికి 1,500 చుట్ల నుంచి పెడల్ పూర్తిగా తొక్కి 3,500 చుట్లు చేరడానికి పట్టే కాలాన్ని పక్కన కూర్చున్నవారు స్టాప్‌వాచ్‌తో కొలవాలి. గాలి వాటం, రోడ్డు వాలు లెక్క తప్పించకుండా ఉండేందుకు రెండు దిక్కులా పలుమార్లు చేసి సగటు తీయండి. తరువాత స్పేసర్‌ను తీసి, పాత బోల్టులతో బిగించి, అంతే వేడి ఉన్న రోజున, అంతే పెట్రోలుతో, అంతే బరువుతో అదే పరీక్ష మళ్లీ చేయండి. రెండు సగటుల మధ్య తేడా, ఒకే స్థితిలో చేసిన పరుగుల మధ్య తేడా కన్నా తక్కువగా ఉంటే మార్పు లేదనే లెక్క. మైలేజీకి ట్యాంకును ఒకే పంపు దగ్గర, గొట్టం తనంతట ఆగేవరకు నింపి, కనీసం నాలుగైదు ట్యాంకుల సగటు చూడాలి. ఒక్క ట్యాంకు లెక్క దేనికీ పనికిరాదు.

కార్బ్యురేటర్ బండికి వేడి అడ్డేందుకు స్పేసర్ పెట్టినవారికి ఈ శ్రమ అక్కరలేదు. ఇంజను వేడిగా ఉండగా ఆపి పదిహేను నిమిషాల తరువాత ఫ్లోట్ గిన్నె వెలుపలి గోడ ఉష్ణోగ్రతను థర్మామీటరుతో చూడండి. స్పేసర్ లేనప్పటి అంకె, ఉన్నప్పటి అంకె పక్కపక్కన రాసుకుంటే, అది తన పని చేస్తోందో లేదో ఆ రెండు అంకెలే తేలుస్తాయి.